అమ్మ ఫోన్ రాత్రికి రాత్రి మారిపోకుండా

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. నాన్నగారు పోయాక అవనిగడ్డ దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటోంది. నేను విజయవాడలో, తమ్ముడు బెంగళూరులో. 2025 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి నాకు చేసింది. "అమ్మాయ్, నా ఫోన్ ఎవరో మార్చేశారే. మోగుతోంది గానీ ఎత్తడం రావట్లేదు" అని ఒకటే కంగారు. వెళ్లి చూస్తే కాల్ వచ్చినప్పుడు కనిపించే తెర మొత్తం వేరేగా ఉంది. అమ్మ ఎప్పట్లాగే పైకి జరుపుతోంది, అదేమో ఇప్పుడు పక్కకి జరపాలట. సెంటర్లో మొబైల్ షాపు అబ్బాయికి చూపిస్తే "అప్‌డేట్ల వల్లే మేడమ్" అని ఏవేవో సెట్టింగులు మార్చి అన్నీ ఆపేశాడు. అప్పట్నుంచి ఏదీ మారలేదు, అమ్మ హాయిగానే ఉంది. ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ పడిందో లేదో చూసుకునే బ్యాంకు యాప్ అప్‌డేట్ చేస్తేగానీ తెరుచుకోనంటోంది. అన్నీ మళ్లీ ఆన్ చేస్తే ఫోన్ మళ్లీ మారిపోతుందని అమ్మ భయం. ఆపి ఉంచడం ప్రమాదమని తమ్ముడు అంటాడు. వాడిది ఐఫోన్. అసలు ఈ అప్‌డేట్లు మన చేతిలో ఉండే మార్గం లేదా? అమ్మకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్ ఉంది, ఇంట్లో వైఫై లేదు.
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు బ్యాంకు యాప్ సంగతి చూద్దాం, అది ఆగేది కాదు. దానికి మీరు ఊరు వెళ్లనక్కర్లేదు. అమ్మగారికి ఫోన్ చేసి ప్లే స్టోర్ తెరిపించండి, పైన వెతికే చోట బ్యాంకు పేరు కొట్టించండి. ఆ యాప్ పక్కన అప్‌డేట్ అనే బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే చాలు. ఒక్క యాప్‌ను అప్‌డేట్ చేస్తే మిగతా ఫోన్‌లో ఏదీ కదలదు, కాల్ తెర మారదు. ఆ మాట అమ్మగారికి ముందే చెప్పండి, ధైర్యంగా నొక్కుతారు. రోజువారీ డేటాలోనే అయిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. షాపు అబ్బాయి మంచి మనసుతోనే చేశాడు, ఆ పూటకు అమ్మగారి కంగారు తీర్చాడు. కానీ ఆ రోజు మారింది ఒక్క యాప్ అయితే, అతను ఆపింది ఫోన్‌కు వచ్చే మరమ్మతులన్నిటినీ. వాటిని మళ్లీ తెరవాలి. తెరిచినా అమ్మగారు భయపడే పని జరగకుండా చూసుకోవచ్చు. నా మాట ఒక్కటే: అప్‌డేట్లను ఆపకండి, అవి వచ్చే వేళను మాత్రం మీ చేతిలోకి తీసుకోండి.

ఆ ఆగస్టులో ఏం జరిగిందంటే, మన దేశంలో అమ్మే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్ కోసం గూగుల్ వాళ్ల ఫోన్ యాప్ ముందే వేసి ఉంటుంది. 2025 ఆగస్టులో దాని రూపం మార్చారు. అంతకుముందు విడివిడిగా ఉన్న ఫేవరెట్స్, రీసెంట్స్ కలిపి హోమ్ అనే ఒకే చోట పెట్టారు. కాల్ వచ్చినప్పుడు పైకి, కిందికి జరిపే పద్ధతి పోయి పక్కకు జరపడం వచ్చింది. కాల్ నడుస్తున్నప్పుడు కనిపించే బటన్లు కూడా పెద్దవయ్యాయి. ఎవరూ ఏమీ నొక్కకుండానే ఇదంతా జరగడంతో ఫోన్ ఎవరో హ్యాక్ చేశారేమోనని దేశమంతటా జనం బెంబేలెత్తారు. మీ అమ్మగారు ఒక్కరే కాదు.

ఈ మార్పులో ఒక సూక్ష్మం ఉంది, షాపుల్లో అది చెప్పరు. కొన్నిసార్లు కొత్త రూపం అప్‌డేట్‌తో పాటే ఫోన్‌లోకి వచ్చి నిశ్శబ్దంగా కూర్చుంటుంది. తర్వాత ఎప్పుడో కంపెనీ తన సర్వర్ నుంచి స్విచ్ వేస్తుంది, అప్పుడు బయటపడుతుంది. అందుకే "నేను నిన్న ఏ అప్‌డేటూ చేయలేదే" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అప్‌డేట్లు ఆపినంత మాత్రాన ఇలాంటి మార్పులు పూర్తిగా ఆగుతాయన్న హామీ లేకపోవడానికీ ఇదే కారణం.

దానికన్నా మేలైన ఉపాయం ఆ యాప్‌లోనే ఉంది. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్ అని ఉంటుంది. అందులో రెండు దారులు: పక్కకు జరపడం ఒకటి, ఒక్కసారి నొక్కడం ఇంకొకటి. రెండోది పెట్టండి. అప్పుడు ఎత్తడానికి ఒక బటన్, వద్దనుకుంటే ఒక బటన్ కనిపిస్తాయి. జరపడం అనేదే ఉండదు. పిండి చేతులతోనో తడి చేతులతోనో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి వేలు జరపడం కంటే ఒక్కసారి నొక్కడం పెద్దవాళ్లకు నిజంగానే సులువు. ఇదొక్కటీ ఆగస్టులో ఎవరైనా చెప్పి ఉంటే మిగతా కథంతా ఉండేది కాదు.

పాత రూపమే కావాలంటే అప్పట్లో చాలామంది చేసిన పని ఇంకొకటి ఉంది. ఆ యాప్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, పైన మూడు చుక్కల్లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కడం. అలా చేస్తే ఫోన్ కొన్ననాటి యాప్ తిరిగి వస్తుంది. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఎనేబుల్ ఆటో అప్‌డేట్ దగ్గరున్న టిక్కు తీసేస్తే ఆ ఒక్క యాప్ మళ్లీ తనంతట తాను మారదు. ఇందులో చిక్కేమిటంటే, కొన్ననాటి నుంచి ఆ యాప్‌కు చేసిన మరమ్మతులు కూడా పోతాయి. నేనైతే ఈ దారిలో వెళ్లను. కానీ ఒకే ఒక యాప్‌ను ఆపడం సాధ్యమేనని గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

అప్‌డేట్ అనే ఒకే మాటతో పిలుస్తున్నాం గానీ ఫోన్‌లోకి అవి వేర్వేరు దారుల్లో వస్తాయి. యాప్‌ల అప్‌డేట్లు ప్లే స్టోర్ నుంచి వస్తాయి. కొన్ని ఫోన్లలో ఆ కంపెనీ సొంత స్టోర్ కూడా ఉంటుంది, దాని సెట్టింగ్ వేరే. ఇక ఫోన్ మొత్తానికి సంబంధించినవి ఫోన్ కంపెనీ పంపుతుంది. వాటిలోనూ రెండు రకాలు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ ఒకటి, ఆండ్రాయిడ్ 15 నుంచి 16కు మారడం లాంటిది. ఇల్లంతా రంగు వేసి సామాన్లు సర్దినట్టు ఉంటుంది, ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండోది సెక్యూరిటీ ప్యాచ్. చెడిన తాళం మార్చడం లాంటిది, మీ కంటికి ఏ తేడా కనపడదు. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి ఇంకో దారి కూడా ఉంది, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అంటారు. ఫోన్ కంపెనీ కోసం ఎదురుచూడకుండా లోపలి కొన్ని భాగాలను గూగుల్ నేరుగా సరిచేస్తుంది. అది చడీచప్పుడు లేకుండా దిగి, ఈసారి ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు అమల్లోకి వస్తుంది.

అమ్మగారిని భయపెట్టేవి యాప్‌ల రూపం మార్పులు, ఆ పెద్ద వెర్షన్. అమ్మగారిని కాపాడేవి ప్యాచ్‌లు, యాప్‌ల లోపలి మరమ్మతులు. మూకుమ్మడిగా ఆపేస్తే రెండూ ఆగుతాయి.

ప్యాచ్ ఆగితే ఏమవుతుందో ఊహించి చెప్పనక్కర్లేదు, జరిగినవే ఉన్నాయి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే భాగంలో ఉందది. ఒక ఎంఎంఎస్, అంటే ఫొటోనో వీడియోనో ఉన్న మెసేజ్, పంపితే చాలు, మీరు తెరవకపోయినా అవతలివాడు లోపలికి రాగలిగే పరిస్థితి. ఆ కలకలం తర్వాతే, ఆ ఏడాది ఆగస్టు నుంచి, గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు మీ ఫోన్‌లో కనిపించే నెలవారీ తేదీ అలా పుట్టిందే. 2019 మేలో వాట్సాప్ ఒక లోపం సంగతి బయటపెట్టింది. వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా, ఆ కాల్ రావడంతోనే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో దూరగలిగింది. అలా దాదాపు 1,400 మందిని గురిపెట్టారని వాట్సాప్ చెప్పింది, వాళ్లలో మన దేశపు జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలు కూడా ఉన్నారు. దానికి మందు వాట్సాప్ అప్‌డేట్. పల్లెటూళ్లో ఉండే పెద్దావిడ మీద పెగాసస్ ప్రయోగించేవాళ్లు ఎవరూ ఉండరు, నిజమే. కానీ పాతబడ్డ లోపాలు చౌక అవుతాయి. ఒకసారి మరమ్మతు విడుదలైతే, ఎక్కడ కన్నం ఉందో దాన్ని చూసి దొంగకు కూడా తెలిసిపోతుంది. మరమ్మతు వేసుకోని ఫోన్లే అప్పుడు వాడికి దొరికేవి. పెన్షన్ ఖాతా ఉన్న ఫోన్‌కు అది మంచిది కాదు. ఈ మాటలో మీ తమ్ముడిదే ఒప్పు.

కాబట్టి ఊరు వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది ఒక తేదీ. సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్. అక్కడ సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ లేదా సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. అది కాగితం మీద రాసుకోండి. అది రెండు మూడు నెలల కిందటిదైతే పర్వాలేదు, 2025 ఆగస్టు దగ్గరే నిలిచిపోయి ఉంటే షాపులో ఆపిన చోటే ఆగిందన్నమాట.

తర్వాత షాపు అబ్బాయి ఏమేం మార్చాడో వెతకాలి. మామూలుగా వాళ్లు తాకేది రెండు చోట్ల. ప్లే స్టోర్‌లో డోంట్ ఆటో అప్‌డేట్ యాప్స్ పెడతారు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం దాచి ఉంచిన డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, అందులో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ ఆపుతారు. యూట్యూబ్‌లో చెప్పేది కూడా ఎక్కువగా ఈ రెండో కిటుకే. దీన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఆ స్విచ్ చేసేది కూడా తక్కువ: రీస్టార్ట్ అయినప్పుడు తనంతట తాను అప్‌డేట్ ఎక్కించుకోకుండా చూస్తుంది, అంతే. పైగా డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఉన్న ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. అప్‌డేట్ చేసిన తర్వాత కూడా అమ్మగారి బ్యాంకు యాప్ మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగ్స్‌లో ఆ పేరు కనిపిస్తే లోపలికి వెళ్లి పైనున్న ప్రధాన స్విచ్ ఆపేయండి.

ఇప్పుడు ప్లే స్టోర్. కుడివైపు పైన గుండ్రంగా ఉన్న ప్రొఫైల్ నొక్కండి, సెట్టింగ్స్, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్, ఆటో అప్‌డేట్ యాప్స్. అక్కడ ఓవర్ వైఫై ఓన్లీ పెట్టండి. ఇంట్లో వైఫై లేదన్నారు కదా, అదే ఇక్కడ మీకు కలిసొచ్చేది. వైఫై లేనంతవరకు అమ్మగారి యాప్‌లు తమంతట తాము మారవు, రోజువారీ డేటా తినవు. మీరు ఊరు వెళ్లిన రోజు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వండి. ఇక్కడ ఒక మెలిక. ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఇచ్చే హాట్‌స్పాట్‌ను ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ గుర్తుపట్టి, ఇది డబ్బు పెట్టి కొన్న డేటా అని జాగ్రత్తపడుతుంది. అందుకని కనెక్ట్ అయినా అప్‌డేట్లు వాటంతట అవి మొదలు కాకపోవచ్చు. అలా ఉంటేనే మనకు మేలు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ నొక్కి మేనేజ్ యాప్స్‌లోకి వెళ్తే అప్‌డేట్ల చిట్టా వస్తుంది. బ్యాంకు, యూపీఐ, వాట్సాప్, క్రోమ్, మెసేజెస్ ముందు చేయండి, తర్వాత మిగతావి. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఒకటి కనిపిస్తుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. అది మాత్రం వదలకండి, వేరే యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే.

చిట్టా మొత్తం అయ్యాక ఒక్కో ముఖ్యమైన యాప్ తెరిచి అమ్మగారితో పాటు చూడండి. ఏదైనా మారి ఉంటే మీరు పక్కన ఉన్నప్పుడే మారుతుంది. నా మొత్తం సలహాలో గుండెకాయ ఇదే.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే మా ఇంట్లో జరిగిందొకటి ఉంది. మా నాన్నగారు రాజమండ్రిలో ఒక్కరే ఉంటారు. మా చెల్లెలు డల్లాస్ నుంచి రోజూ పొద్దున ఐదున్నరకు వాట్సాప్‌లో చేస్తుంది. ఒకరోజు ఎంత చేసినా రింగ్ కాలేదు. నాకు చెప్పింది, నేను మామూలు కాల్ చేశాను. మోగింది, కట్ అయింది. మళ్లీ చేశాను, మళ్లీ కట్. ఆయన గుండె మాత్రలు వేసుకునే మనిషి. పక్కింటి బాబాయిగారిని నిద్రలేపి పంపితే నాన్నగారు వరండాలో పేపర్ చదువుకుంటున్నారు. "ఏదో తెలియని నంబరు రెండుసార్లు వచ్చిందిరా, నువ్వే కదా ఎత్తొద్దన్నావు" అన్నారు. ఆ నంబరు నాదే.

రాత్రి అప్‌డేట్ ఎక్కి ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయింది. రీస్టార్ట్ అయిన ఫోన్‌లో మొదటిసారి పిన్ నొక్కేదాకా లోపలి సమాచారం అంతా తాళంలోనే ఉంటుంది. దొంగ చేతిలో పడ్డా ఏమీ దొరకకూడదని చేసిన ఏర్పాటది, మంచిదే. కానీ అప్పటిదాకా వాట్సాప్ లేవదు. మామూలు కాల్స్ మోగుతాయి గానీ కాంటాక్ట్స్ కూడా తాళంలోనే ఉంటాయి కాబట్టి పేరు రాదు, వట్టి నంబరు వస్తుంది. తెలియని నంబర్లు ఎత్తొద్దని మేమే నేర్పాం, ఆయన నేర్చుకున్నట్టే చేశారు. వేలిముద్ర కూడా ఆ మొదటిసారి పనిచేయదు, పిన్ కొట్టాల్సిందే. నాన్నగారికేమో ఎప్పుడూ వేలిముద్రే అలవాటు.

అందుకని సిస్టమ్ అప్‌డేట్లకు నేను పాటించేది ఇది. సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తెరిచి, ఆటో డౌన్‌లోడ్ అనేది ఉంటే ఆపుతాను. రాత్రి వేళ తనంతట తాను ఎక్కించే స్విచ్ కొన్ని ఫోన్లలో వేరేగా ఉంటుంది, నైట్ లేదా ఓవర్‌నైట్ అన్న మాట కనిపిస్తే అదే. పెద్దవాళ్ల ఫోన్లలో దాన్ని తప్పకుండా ఆపుతాను. ఆపినా, కొత్తది వచ్చిందన్న నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది. అది రావాలి కూడా. ఊరు వెళ్లినప్పుడు పగటిపూట, ఛార్జర్ పెట్టి, నేను కూర్చుని చేస్తాను. రీస్టార్ట్ అయ్యాక పిన్ నాన్నగారి చేతే కొట్టిస్తాను, మర్చిపోకుండా. "పేరు లేకుండా నంబరు వస్తే, ముందు ఫోన్ తెరిచి పిన్ కొట్టి చూడండి" అని పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించాను. మీరూ అంటించండి.

ఊరు ఎన్నాళ్లకోసారి వెళ్తారో రాయలేదు. నెలకోసారి వెళ్తే సరిపోతుంది. మూడు నెలలు దాటితే మాత్రం మధ్యలో ఒకసారి ఫోన్‌లో చెప్పి ప్యాచ్ ఎక్కించండి. అది తరచుగా కొన్ని వందల ఎంబీలు ఉంటుంది, వేరే పనేమీ చేయకపోతే అమ్మగారి ఒక రోజు ప్యాక్‌లో పట్టొచ్చు. ఎంత సైజో డౌన్‌లోడ్‌కు ముందే చూపిస్తుంది. పెద్ద వెర్షన్ అయితే జీబీల్లో ఉంటుంది, దానికి మీ హాట్‌స్పాట్ కావాల్సిందే.

పెద్ద వెర్షన్‌కు తొందరపడొద్దు. విడుదలైన మూడు నాలుగు వారాల దాకా ఆగి, అదే మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో విని అప్పుడు ఎక్కించండి. ఎందుకంటే అక్కడి నుంచి మామూలు మనుషులు వెనక్కి రాలేరు. ఆండ్రాయిడ్‌లో పాత వెర్షన్‌కు రావాలంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయాల్సి వస్తుంది, చాలా ఫోన్లలో అదీ కుదరదు. ఐఫోన్‌లో అయితే పాత వెర్షన్‌కు ఆపిల్ ఆమోదం తెలపడం ఆపేశాక దారే ఉండదు. ఎక్కించే ముందు ఫొటోలు, కాంటాక్ట్స్ గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లాయో లేదో చూడండి. ముఖ్యంగా నాన్నగారి ఫొటోలు. వాటిని మీ ఫోన్‌లోకి కూడా ఒక కాపీ తీసుకోండి.

అప్‌డేట్ చేస్తే ఫోన్ నెమ్మదిస్తుందని, తెర మీద పచ్చ గీత పడుతుందని అమ్మగారికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. పాత ఫోన్లను నెమ్మదింపజేసిన అప్‌డేట్ల విషయంలో ఇటలీ 2018లో ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పచ్చ గీతల సంగతికొస్తే, అప్‌డేట్ తర్వాత గీత పడిందన్నవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు, కొన్ని కంపెనీలు ఉచితంగా తెర మార్చి ఇచ్చాయి కూడా. అలాంటిది జరిగితే మీ చేతి డబ్బు పెట్టే ముందు సర్వీస్ సెంటర్‌లో ఆ సంగతి అడగండి. అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడు ఫోన్ వేడెక్కుతుంది. అందుకని కవర్ తీసి, ఎండ తగలని చోట, ఫ్యాన్ కింద బల్ల మీద పెట్టి చేయండి. మంచం మీద దిండు పక్కన వద్దు. ఎక్కాక ఒకటి రెండు రోజులు ఛార్జింగ్ తొందరగా అయిపోవడం, కాస్త వెచ్చగా ఉండడం మామూలే. లోపల యాప్‌లను, ఫొటోలను కొత్తగా సర్దుకుంటుంది. మూడో రోజుకూ అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

మీ తమ్ముడికి రెండు ముక్కలు. సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఆటోమేటిక్ అప్‌డేట్స్‌లో డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ రెండూ విడివిడిగా ఉంటాయి. ఇన్‌స్టాల్ ఆపుకున్నా, సెక్యూరిటీకి సంబంధించిన స్విచ్ మాత్రం ఉంచుకోమనండి. ఇప్పటికే దిగిపోయిన అప్‌డేట్ వద్దనుకుంటే జనరల్‌లోనే ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్లి దాన్ని తీసేయవచ్చు. యాప్‌ల సంగతి యాప్ స్టోర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

దొంగ అప్‌డేట్ల గురించి మాత్రం వివరంగా రాయాలి. అప్‌డేట్లు ఆపి ఉంచిన ఇళ్లలో వాటికి తేలిగ్గా చిక్కుతారు, ఎందుకంటే "మీ యాప్ పాతబడింది" అన్న మాట అక్కడ నిజంలాగే ఉంటుంది. బ్యాంకు పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో కూడా వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను ఎక్కించే ఫైళ్లు, వస్తున్నాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు అవతలివాడికి పోతాయి. ఏదైనా వెబ్‌సైట్ చూస్తుంటే "మీ క్రోమ్ పాతది, ఇక్కడ నొక్కండి" అని వచ్చేదీ ఇదే బాపతు. నిజమైన అప్‌డేట్ వాట్సాప్‌లో రాదు, ఎస్సెమ్మెస్ లింకులో రాదు, ఫోన్ చేసి ఎవరూ చెప్పరు. ప్లే స్టోర్ లోపల గానీ, ఫోన్ సెట్టింగ్స్ లోపల గానీ ఉంటుంది. అమ్మగారికి ఇంత చెప్పనక్కర్లేదు. "అప్‌డేట్ అన్న మాట ఎక్కడ కనపడినా, నొక్కకుండా ముందు నాకు ఫోన్ చెయ్యమ్మా" అంటే చాలు. ఒకవేళ ఎప్పుడైనా నొక్కేసి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది. ఆ నంబరు కూడా టీవీ పక్కన కాగితం మీద ఉండాలి. అమ్మగారిని కోప్పడతారన్న భయం ఉంటే మాత్రం ఆవిడ సాయంత్రం దాకా చెప్పరు. ఆ భయం లేకుండా ముందే మాట్లాడి పెట్టండి.

చివరిగా, ఆ ప్యాచ్ తేదీ చాలా పాతదై ఉండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నొక్కితే "అంతా తాజాగానే ఉంది" అని వస్తే, కంపెనీ ఆ మోడల్‌ను వదిలేసిందని అర్థం. మీరు ఏ స్విచ్ వేసినా ఇక రావు. వెంటనే కొత్తది కొనలేకపోతే, యూపీఐకి పెన్షన్ ఖాతా కాకుండా వేరే చిన్న ఖాతా కలిపి, అందులో నెల ఖర్చులకు సరిపడా మాత్రమే ఉంచండి. పెన్షన్ పడిందో లేదో బ్యాంకు మెసేజ్‌లో చూసుకోవచ్చు, లేదా మిస్డ్ కాల్ సదుపాయం ఉందేమో బ్రాంచిలో అడగండి. కొత్తది కొనేటప్పుడు కెమెరా కంటే ముందు, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కి శామ్‌సంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి. తక్కువ ధర ఫోన్లకు అంతకాలం ఉండదు, మోడల్‌ను బట్టి మారుతుంది. పెద్దవాళ్లు ఒక ఫోన్ కొంటే అది ఆగిపోయేదాకా వాడతారు కాబట్టి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

ఈ పనంతా ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోతుంది. ప్యాచ్ తేదీ రాసుకోవడంతో మొదలుపెట్టి, యాప్‌లు, తర్వాత సిస్టమ్, ఆఖర్న కాల్ తెర. బయల్దేరేముందు మీరు పక్క గదిలోకి వెళ్లి మీ ఫోన్ నుంచి అమ్మగారికి ఒక కాల్ చేయండి. ఎత్తారా, మళ్లీ చేయండి. మూడోసారి ఆవిడ చూడకుండానే వేలు సరైన చోటికి వెళ్తే, ఇక మీరు బస్సెక్కవచ్చు.